డాస్ కాలపు కంప్యూటర్‌లో కొత్త తరం సౌండ్ కార్డు: స్లాట్‌లో పడితే సరిపోతుందా?

ప్రశ్న

నమస్కారం. ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్ మదర్‌బోర్డు, 200 మెగాహర్ట్జ్ పెంటియం ఎంఎంఎక్స్ ప్రాసెసర్, 64 మెగాబైట్ల మెమరీ ఉన్న కంప్యూటర్ ఒకటి నా దగ్గర ఉంది. ఒక పార్టిషన్‌లో ఎంఎస్-డాస్ 6.22, మరొకదానిలో విండోస్ 98 రెండో ఎడిషన్ పెట్టుకున్నాను. డాస్ ఆటలకూ, పాత ట్రాకర్ సంగీతానికీ (శబ్ద నమూనాలను వరుసల్లో పేర్చి చేసే కంప్యూటర్ సంగీతం), 1998 నుంచి 2000 వరకు వచ్చిన విండోస్ ఆటలకూ దీన్నే వాడుతున్నాను. ఇన్నాళ్లూ అందులో పనిచేసిన ఐఎస్‌ఏ (పాత రకం విస్తరణ స్లాట్) సౌండ్ కార్డులో ఎడమ చానెల్ పూర్తిగా పోయింది. కుడి చానెల్‌లో సంగీతం మొదలుకాకముందే గరగర వినిపిస్తోంది.

అదే తరం కార్డు మరొకటి వెతికి పెట్టడం కంటే, కొంత కొత్త కార్డు పెడితే శబ్దం శుభ్రంగా ఉంటుంది కదా అన్నది నా ఆలోచన. బోర్డు మీద పీసీఐ స్లాట్లు (ఐఎస్‌ఏ తర్వాతి తరం స్లాట్లు) ఖాళీగానే ఉన్నాయి. సౌండ్ బ్లాస్టర్ లైవ్, ఆడిజీ 2 జెడ్‌ఎస్, ఎక్స్-ఫై, ఈ మూడూ పీసీఐ కార్డులే కనుక వీటిలో ఏదైనా పెట్టవచ్చా? పెడితే డాస్ ఆటలకు శబ్దం వస్తుందా, లేక విండోస్‌కే పరిమితమవుతుందా? ఈ మధ్య ఐఎస్‌ఏ స్లాట్ కోసమే కొత్తగా తయారవుతున్న కార్డులు ఉన్నాయని కూడా విన్నాను. వాటి సంగతి తెలిసినవారు వివరించగలరు. నా దగ్గర ఒక 286 యంత్రం కూడా ఉంది. దానికి ఐఎస్‌ఏ స్లాట్లు తప్ప మరేమీ లేవు కనుక రెండింటికీ పనికొచ్చే మార్గం ఉంటే ఇంకా మంచిది.

సమాధానం 1

కార్డు స్లాట్‌లో దిగడం వేరు, డాస్ ఆటకు కనబడడం వేరు. మీ ప్రశ్నలో అసలు చిక్కు ఇక్కడే ఉంది కనుక దీన్ని కొంచెం విడమరచి చెబుతాను.

విండోస్‌లో ఆట శబ్దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్ డ్రైవర్‌కు అప్పగిస్తుంది, కార్డు లోపల ఏ చిప్ ఉందో ఆటకు తెలియాల్సిన అవసరమే లేదు. డాస్‌లో ఈ మధ్యవర్తి ఎవరూ లేరు. ఆటే నేరుగా కార్డు పోర్టులతో, అంటే ప్రాసెసర్ ఆ కార్డును చేరుకునే సంఖ్యా చిరునామాలతో, మాట్లాడుతుంది. ఉదాహరణకు సౌండ్ బ్లాస్టర్ ఉందో లేదో తెలుసుకోవడానికి ఆట 226 హెక్స్ పోర్టుకు 1 రాసి, కనీసం 3 మైక్రోసెకన్లు ఆగి, అదే పోర్టుకు 0 రాస్తుంది. ఆ తర్వాత 22ఏ పోర్టును చదివినప్పుడు ఏఏ అనే విలువ వస్తేనే కార్డు ఉన్నట్టు లెక్క. ఆ విలువ రాకపోతే మీరు పెట్టింది ఎంత గొప్ప కార్డైనా ఆట మౌనంగానే నడుస్తుంది. యాడ్‌లిబ్ సంగీతానికి 388, 389 పోర్టులు, మిడీకి (వాద్యాలకు స్వరాల ఆజ్ఞలు పంపే పద్ధతికి) 330 పోర్టు, ఇలా ప్రతిదానికీ ఒక స్థిరమైన చిరునామా ఉంటుంది. 1987లో వచ్చిన యాడ్‌లిబ్, 1989లో వచ్చిన తొలి సౌండ్ బ్లాస్టర్ ఏ చిరునామాలు పెట్టుకున్నాయో, తర్వాతి డాస్ ఆటలన్నీ ఆ చిరునామాలనే నమ్ముకున్నాయి.

పోర్టుల వరకైతే పీసీఐ కార్డు కూడా ఆ చిరునామాలకు జవాబు చెప్పేలా తయారుచేయవచ్చు. ఇబ్బంది డీఎంఏ (ప్రాసెసర్ జోక్యం లేకుండా మెమరీ నుంచి డేటా తెచ్చుకునే పద్ధతి) దగ్గర వస్తుంది. సౌండ్ బ్లాస్టర్ తన నమూనాలను (శబ్దపు డేటాను) మెమరీ నుంచి తెచ్చుకోవడానికి మదర్‌బోర్డు మీది 8237 డీఎంఏ కంట్రోలర్ మీద ఆధారపడుతుంది. ఆట ఆ కంట్రోలర్‌ను తానే ప్రోగ్రామ్ చేస్తుంది, ఐఎస్‌ఏ స్లాట్‌లోని డీఎంఏ అభ్యర్థన తీగ ద్వారా కార్డు ఒక్కో బైటును అడిగి తీసుకుంటుంది. పీసీఐ స్లాట్‌లో ఆ తీగలే లేవు. పీసీఐ కార్డు బస్సును తన చేతిలోకి తీసుకుని మెమరీని తానే చదువుకుంటుంది. కనుక ఆట 8237కు చెప్పిన మాట పీసీఐ కార్డు చెవిన పడదు.

ఈ లోటును పూడ్చడానికి 1990ల చివర్లో మూడు దారులు తొక్కారు. మొదటిది పీసీ/పీసీఐ. ఇందులో మదర్‌బోర్డు నుంచి కార్డుకు ఒక చిన్న కేబుల్ వేసి, లేని డీఎంఏ తీగలను ఆ కేబుల్ మీదుగా తెచ్చిపెడతారు. దీనికే ఎస్‌బీ-లింక్ అని పేరు. రెండోది డిస్ట్రిబ్యూటెడ్ డీఎంఏ, ఇది చిప్‌సెట్ సహకారంతో కేబుల్ లేకుండా జరుగుతుంది. మూడోది పూర్తిగా సాఫ్ట్‌వేర్ వేషం, అంటే మెమరీలో కూర్చున్న ఒక ప్రోగ్రామ్ ఆట రాసే ప్రతి పోర్టు రాతనూ మధ్యలో పట్టుకుని, అసలు కార్డుకు అర్థమయ్యే భాషలోకి మార్చడం. మొదటి రెండూ బాగా పనిచేస్తాయి. మూడోదానితో కొన్ని ఆటలు నడుస్తాయి, కొన్ని మొరాయిస్తాయి.

మీది 430టీఎక్స్ కావడం అదృష్టమే, ఎందుకంటే దానితో జతగా వచ్చే పీఐఐఎక్స్4 చిప్ పీసీ/పీసీఐనీ, డిస్ట్రిబ్యూటెడ్ డీఎంఏనీ రెండింటినీ అర్థం చేసుకుంటుంది. అలాంటి బోర్డులో యమహా వైఎంఎఫ్724 లేదా వైఎంఎఫ్744 చిప్ ఉన్న పీసీఐ కార్డు పెడితే, నిజమైన ఓపీఎల్3 (యాడ్‌లిబ్ చిప్‌కు తర్వాతి తరం యమహా సంగీత చిప్) సంగీతంతో పాటు సౌండ్ బ్లాస్టర్ ప్రోకు సరిపోలే డిజిటల్ శబ్దం కూడా డాస్‌లో దొరుకుతుంది. ఈఎస్ఎస్ సోలో-1 చిప్ ఉన్న కార్డులు కూడా ఇదే కోవకు చెందినవి. అయితే వీటి నుంచి సౌండ్ బ్లాస్టర్ 16 తరహా 16 బిట్ శబ్దాన్ని డాస్‌లో ఆశించకూడదు. చాలా ఆటలకు ఆ లోటు వినబడదు కూడా. పైగా సౌండ్ బ్లాస్టర్ ప్రో పద్ధతిలో స్టీరియో ఇచ్చే ఆటలు సౌండ్ బ్లాస్టర్ 16 మీద మోనోలోనే పలుకుతాయి, ఈ యమహా, ఈఎస్ఎస్ చిప్‌ల మీద మాత్రం స్టీరియోలో పలుకుతాయి. కొత్త కార్డుతో పాతదాని కంటే మేలు జరిగే కొద్ది సందర్భాల్లో ఇదొకటి.

సమాధానం 2

పై సమాధానంతో డాస్ విషయంలో నాకు పేచీ లేదు. కానీ మీరు విండోస్ 98 ఆటలు కూడా ఆడతానన్నారు కనుక సౌండ్ బ్లాస్టర్ లైవ్‌ను అంత తేలిగ్గా పక్కన పెట్టవద్దని నా మనవి. 1998లో వచ్చిన ఈ కార్డులోని ఈఎంయూ10కె1 చిప్ 64 స్వరాలను హార్డ్‌వేర్‌లోనే కలుపుతుంది, ఈఏఎక్స్ అనే ఆటల శబ్ద పద్ధతిలోని ప్రతిధ్వనులను కూడా తానే లెక్కిస్తుంది. 200 మెగాహర్ట్జ్ ప్రాసెసర్‌కు ఆ భారం తగ్గడం చిన్న విషయం కాదు. అదే కాలపు ఆటలు ఆ కార్డును దృష్టిలో పెట్టుకునే శబ్దాన్ని రూపొందించాయి.

మీరు చెప్పిన మూడింటిలో ఎక్స్-ఫైని ముందే కొట్టేయండి. 2005లో వచ్చిన ఆ కార్డుకు విండోస్ 98 డ్రైవర్లు లేవు. ఆడిజీ 2 జెడ్‌ఎస్‌కు విండోస్ 98 రెండో ఎడిషన్ డ్రైవర్లు ఉన్నాయి, కానీ అవి మీ యంత్రానికి బరువే. ఆ కార్డు పెంటియం 3, ఆ పైన ఉన్న యంత్రాలకు తగినది. లైవ్ కూడా కొనేముందు కార్డు మీద ముద్రించిన మోడల్ సంఖ్య చూడండి, ఎందుకంటే లైవ్ అనే పేరుతో వచ్చినవన్నీ ఒకే కార్డు కావు. సీటీ4620, సీటీ4780, సీటీ4830, ఎస్‌బీ0060, ఎస్‌బీ0100, ఎస్‌బీ0220 అని ఉంటే అసలైన ఈఎంయూ10కె1 చిప్ ఉన్నట్టే. ఎస్‌బీ0410 అని ఉంటే అది లైవ్ 24 బిట్, దానిలో ఉన్నది వేరే చిప్, మీకు కావలసిన హార్డ్‌వేర్ మిక్సింగ్ అందులో లేదు. కంప్యూటర్ కంపెనీలకు విడిగా చేసిచ్చిన ఎస్‌బీ0200 రకం కూడా పేరుకే లైవ్, మామూలు డ్రైవర్లు దాన్ని గుర్తించవు.

లైవ్‌కు డాస్ డ్రైవర్ లేదా అంటే ఉంది. అది పైన చెప్పిన మూడో దారి, అంటే సాఫ్ట్‌వేర్ వేషం. దానికి కాన్ఫిగ్.సిస్‌లో ఈఎంఎం386 అనే డాస్ మెమరీ మేనేజర్ తప్పనిసరిగా లోడై ఉండాలి, మదర్‌బోర్డు ఎన్ఎంఐ అంతరాయాన్ని (ప్రాసెసర్ పక్కన పెట్టలేని అత్యవసర సంకేతాన్ని) సరిగ్గా అందించాలి. ఈఎంఎం386 ఉంటే నడవనని మొండికేసే ఆటలు ఉన్నాయన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. అన్నీ సమకూరినా యాడ్‌లిబ్ సంగీతం వినదగ్గట్టు ఉండదు. కార్డులో ఎఫ్ఎం చిప్ (యాడ్‌లిబ్ తరహాలో స్వరాలను పుట్టించే చిప్) లేదు కనుక ఆ స్వరాలను నమూనా వాద్యాలతో ఊహించి వాయిస్తుంది. ఆట సంగీతం ఎలా ఉండాలో గుర్తున్నవారికి అది వెంటనే తెలిసిపోతుంది.

మరొక చిన్న మాట. లైవ్‌లో సౌండ్‌ఫాంట్లు (మిడీ వాద్యాల నమూనాల ఫైళ్లు) కంప్యూటర్ మెమరీలోనే కూర్చుంటాయి. అందుకోసం మెమరీ పెంచాలనిపించవచ్చు, కానీ 430టీఎక్స్ చిప్‌సెట్ మొదటి 64 మెగాబైట్లను మాత్రమే క్యాష్ చేస్తుంది, అంటే వేగమైన చిన్న మెమరీ ద్వారా త్వరగా అందిస్తుంది. అంతకు మించి పెడితే విండోస్ మొత్తం మందగిస్తుంది. ఇప్పుడున్న మెమరీతోనే చిన్న సౌండ్‌ఫాంట్లు వాడుకోవడం మేలు.

విద్యుత్తు సంగతి కూడా చూసుకోవాలి. పీసీఐ కార్డు అంచులోని గాడి 5 వోల్టుల స్లాట్‌కు సరిపోయినంత మాత్రాన ఆ కార్డు 3.3 వోల్టుల సరఫరాను స్లాట్ నుంచి ఆశించడం లేదని కాదు. పాత ఏటీ రకం పవర్ సప్లైతో నడిచే చాలా బోర్డులు స్లాట్‌కు 3.3 వోల్టులు ఇవ్వవు. అలాంటి చోట కార్డు వేడెక్కదు, కాలదు, కానీ బయోస్‌కు అసలు కనబడదు. కార్డు పాడైందని జనం పారేసేది ఇలాంటప్పుడే.

ప్రశ్న అడిగిన వ్యక్తి

ఇద్దరికీ కృతజ్ఞతలు. బోర్డును బయటకు తీసి చూశాను. పీసీఐ స్లాట్ల పక్కన రెండు వరుసల్లో చిన్న కనెక్టర్ ఒకటి ఉంది. ఆరు సూదుల స్థానాల్లో ఒకటి ఖాళీగా ఉంది. దాని పక్కన ఎస్‌బీ-లింక్ అనే రాసి ఉంది. అంటే యమహా కార్డు దారి నాకు తెరిచే ఉన్నట్టు అర్థమైంది. అయితే ట్రాకర్ సంగీతం, డెమోల (బొమ్మలూ సంగీతమూ కలిపిన చిన్న ప్రదర్శన ప్రోగ్రామ్‌ల) కోసం గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డు వినాలన్న కోరిక ఎప్పటినుంచో ఉంది. దానికి యమహా కార్డు ఉపయోగపడదు కదా? 286 యంత్రం సంగతి కూడా మిగిలే ఉంది.

సమాధానం 3

మీ ఈ రెండో ప్రశ్నకు సమాధానం కొత్తగా తయారవుతున్న ఐఎస్‌ఏ కార్డుల్లో ఉంది. నా దృష్టిలో పాత కంప్యూటర్‌కు కొత్త సౌండ్ కార్డు అంటే అసలు అర్థం ఇదే. కార్డు లోపల ఎంత కొత్తదనమైనా ఉండవచ్చు, కానీ బస్సు వైపు మాత్రం అది 1989 నాటి కార్డులాగే ప్రవర్తించాలి.

వీటిలో ఎక్కువ ప్రచారంలో ఉన్నది పికోగస్. ఇది రాస్ప్‌బెర్రీ పై పికోలో వాడే ఆర్‌పీ2040 మైక్రోకంట్రోలర్ మీద నిర్మించిన ఓపెన్ హార్డ్‌వేర్ కార్డు. ఆ చిన్న చిప్‌లోని రెండు కోర్లు ఐఎస్‌ఏ బస్సు మీద జరిగే చదువులకూ రాతలకూ నిర్ణీత సమయంలో జవాబిస్తూనే, అవతల శబ్దాన్ని కూడా లెక్కించి బయటకు పంపుతాయి. ఐఎస్‌ఏ సంకేతాలు 5 వోల్టులు, ఈ చిప్ 3.3 వోల్టులది కనుక మధ్యలో వోల్టేజీ మార్చే చిప్‌లు ఉంటాయి. గ్రావిస్ అల్ట్రాసౌండ్ తన నమూనా వాద్యాలను కార్డు మీది మెమరీలో దాచుకునేది. పికోగస్ అందుకోసం పీఎస్‌ర్యామ్ అనే మెమరీ చిప్‌ను వాడుకుంటుంది. అల్ట్రాసౌండ్‌తో పాటు యాడ్‌లిబ్, సౌండ్ బ్లాస్టర్ 2.0, ఎంపీయూ-401 మిడీ, టాండీ మూడు స్వరాల శబ్దం, గేమ్ బ్లాస్టర్ కూడా ఇది పలికించగలదు. ఏ వేషం కావాలో పీగస్‌ఇనిట్ అనే చిన్న డాస్ ప్రోగ్రామ్‌తో చెప్పాలి. ఇక్కడ ఆశ పెంచుకోకూడని విషయం ఒకటుంది. అల్ట్రాసౌండ్, సౌండ్ బ్లాస్టర్ రెండూ ఒకేసారి పలకవు, ఒక వేషం విప్పి మరొకటి వేయాలి. ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే అంతరాయ తీగ), డీఎంఏ సంఖ్యలను కార్డు మీది జంపర్లతో ఎంచుకోవాలి. ఇది 8 బిట్ స్లాట్‌లోనే కూర్చునే కార్డు కనుక మీ 286లోకీ, అంతకు ముందరి ఎక్స్‌టీ యంత్రాల్లోకీ కూడా వెళుతుంది.

అసలు అల్ట్రాసౌండ్ విన్నవారికి ఒక సంగతి గుర్తుండాలి. దానిలోని జీఎఫ్1 చిప్ 14 స్వరాల వరకు 44.1 కిలోహర్ట్జ్ వద్ద నడుస్తుంది, స్వరాలు పెరిగేకొద్దీ ఆ వేగం తగ్గుతూ 32 స్వరాల దగ్గర 19.2 కిలోహర్ట్జ్‌కు దిగుతుంది. కనుక ఎక్కువ చానెళ్లు ఉన్న ట్రాకర్ పాటలో పైస్థాయి ధ్వనులు మసకబారితే అది ఆ చిప్ స్వభావం, కొత్త కార్డు లోపం అనుకోనక్కర్లేదు.

ఎమ్యులేషన్ వద్దు, అసలు చిప్పే పలకాలి అనే పట్టుదల ఉన్నవారికి వేరే దారులున్నాయి. స్నార్క్ బార్కర్ అనేది తొలి సౌండ్ బ్లాస్టర్‌కు ఓపెన్ హార్డ్‌వేర్ ప్రతిరూపం. నిజమైన వైఎం3812 చిప్ (యాడ్‌లిబ్ సంగీత చిప్) తెచ్చి దానిలో పెట్టాలి. ఆ చిప్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది కనుక విడిగా దొరికేవి పాత బోర్డుల నుంచి ఊడదీసినవే. వేరే చిప్ మీద రాత చెరిపి ఈ సంఖ్య ముద్రించిన నకిలీలు కూడా తిరుగుతున్నాయి. ఓర్ఫియస్ అనే కార్డు క్రిస్టల్ సీఎస్4237బీ చిప్‌తో, అసలైన యమహా ఓపీఎల్3తో వచ్చింది. శబ్దం శుభ్రత విషయంలో 1990ల నాటి కార్డుల్లో చాలావాటి కంటే ఇది మెరుగ్గా ఉంటుంది.

ఐఎస్‌ఏ బస్సే ఎందుకు మేలు అన్నదానికి మరొక కారణం కూడా చెబుతాను, దీన్ని చాలామంది పట్టించుకోరు. యాడ్‌లిబ్ చిప్‌కు రిజిస్టర్ సంఖ్య రాసిన తర్వాత 3.3 మైక్రోసెకన్లు, విలువ రాసిన తర్వాత 23 మైక్రోసెకన్లు విరామం ఇవ్వాలి. ఆ విరామాన్ని కొలవడానికి అప్పటి ప్రోగ్రామర్లు ఒక ఉపాయం వాడారు. మొదటి రాత తర్వాత 388 పోర్టును 6 సార్లు, రెండో రాత తర్వాత 35 సార్లు ఊరికే చదివేవారు. 8 మెగాహర్ట్జ్ ఐఎస్‌ఏ బస్సు మీద 8 బిట్ పోర్టు ఒకసారి చదవడానికి దాదాపు ముప్పావు మైక్రోసెకను పడుతుంది. ఆ లెక్కన 6 చదువులు 4.5 మైక్రోసెకన్లు, 35 చదువులు 26 మైక్రోసెకన్లు, అవసరానికి సరిగ్గా సరిపోతాయి. ప్రాసెసర్ ఎంత వేగవంతమైనదైనా బస్సు నడక మారదు కనుక ఈ ఉపాయం పెంటియంలో కూడా చెల్లుతుంది. అలా కాకుండా ఖాళీ లూప్ తిప్పి సమయం లెక్కపెట్టిన తొలినాటి ఆటలు మాత్రం వేగమైన ప్రాసెసర్ మీద స్వరాలు మింగేస్తాయి. దానికి కార్డు మార్చినా ప్రయోజనం తక్కువ, క్యాష్ ఆపి యంత్రాన్ని నెమ్మదింపజేయడమే మందు. ఓపీఎల్3కి ఇంత విరామం అక్కర్లేదు కనుక వైఎంఎఫ్724 మీద ఈ తలనొప్పి దాదాపు ఉండదు.

సమాధానం 4

కార్డుల పేర్ల మీద ఇంత చర్చ జరిగింది కనుక, మొదట ప్రస్తావించిన గరగర గురించి కూడా ఒక మాట. పాత ఐఎస్‌ఏ కార్డుల్లో చాలావాటికి స్పీకర్లను నేరుగా నడిపే చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది. గరగరలో పెద్ద భాగం దానిదే. లైన్ అవుట్ విడిగా ఉంటే దాన్ని వాడాలి, లేకపోతే ఆంప్లిఫయర్‌ను తప్పించే జంపర్లు ఉన్నాయేమో చూడాలి. ఒక చానెల్ పూర్తిగా పోవడానికి ఆ ఆంప్లిఫయరో, దాని ముందున్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లో కారణం కావచ్చు. లైన్ అవుట్‌లో రెండు చానెళ్లూ వినిపిస్తే మీ పాత కార్డు ఇంకా బతికే ఉన్నట్టు, కొత్తది కొనే ముందు ఈ పరీక్ష చేసి చూడండి.

కొత్త కార్డు కొనేటప్పుడు సీడీ ఆడియో కనెక్టర్ ఉందో లేదో కూడా గమనించండి. 1990ల మధ్యలో వచ్చిన చాలా ఆటలు నేపథ్య సంగీతాన్ని సీడీలోని ఆడియో ట్రాకుల నుంచే వినిపించాయి. ఆ శబ్దం డేటా కేబుల్ ద్వారా రాదు, సీడీ డ్రైవ్ వెనుక నుంచి సౌండ్ కార్డుకు వెళ్లే నాలుగు తీగల అనలాగ్ కేబుల్ ద్వారా వస్తుంది. ఆ కేబుల్ తగిలించే చోటు లేని కార్డు పెడితే తుపాకుల మోత వినబడుతుంది, సంగీతం వినబడదు. అప్పుడు డ్రైవర్లను అనుమానిస్తూ కూర్చుంటారు.

మిడీ సంగీతం మీద ఇష్టం ఉంటే వేవ్‌బ్లాస్టర్ కనెక్టర్ ఉన్న కార్డు ఎంచుకోండి. ఆ 26 సూదుల కనెక్టర్‌లో పట్టే చిన్న బోర్డులు ఇప్పటికీ కొత్తగా తయారవుతున్నాయి, డ్రీమ్‌బ్లాస్టర్ వాటిలో ఒకటి. అయితే సౌండ్ బ్లాస్టర్ 16 కార్డుల్లో డీఎస్‌పీ (కార్డు మీది శబ్ద ప్రాసెసర్) వెర్షన్ 4.11 నుంచి 4.13 వరకు ఉన్న వాటికి ఒక పాత జబ్బు ఉంది. డిజిటల్ శబ్దం, మిడీ రెండూ ఒకేసారి జోరుగా నడిచేటప్పుడు కొన్ని మిడీ బైట్లు దారితప్పుతాయి. స్వరం ఆపమనే ఆజ్ఞ అందక ఆ స్వరం సాగుతూనే ఉంటుంది. మిడీ బోర్డు ఎంత మంచిదైనా దీన్ని సరిచేయలేదు.

సమాధానం 5

సాఫ్ట్‌వేర్ దారి అనగానే అందరూ లైవ్ పాత డ్రైవర్ గురించే మాట్లాడుతున్నారు కనుక ఎస్‌బీఈఎంయూ ప్రస్తావన కూడా ఇక్కడ ఉండాలి. ఇది ఇటీవలి సంవత్సరాల్లో వచ్చిన ఓపెన్ సోర్స్ డాస్ ప్రోగ్రామ్. మదర్‌బోర్డుల్లోనే ఉండే ఏసీ97, హెచ్‌డీ ఆడియో చిప్‌లతో పాటు లైవ్, ఆడిజీ వంటి పీసీఐ కార్డుల మీద కూడా సౌండ్ బ్లాస్టర్ ఉన్నట్టు నమ్మిస్తుంది. ప్రొటెక్టెడ్ మోడ్ ఆటలకు హెచ్‌డీపీఎంఐ, రియల్ మోడ్ ఆటలకు జెమ్386 అనే సహాయక ప్రోగ్రామ్‌ల ద్వారా పోర్టు రాతలను పట్టుకుంటుంది. ఐఎస్‌ఏ స్లాట్ అనేదే లేని తర్వాతి తరం యంత్రాల్లో డాస్ నడిపేవారికి ఇది నిజంగా వరం. కానీ ఓపీఎల్3 సంగీతాన్ని ప్రాసెసరే లెక్కగట్టాలి. 200 మెగాహర్ట్జ్ పెంటియంలో ఆటకూ దీనికీ కలిపి సరిపడా శక్తి మిగలదు. ఐఎస్‌ఏ స్లాట్ ఉన్నంతకాలం మీకు దీని జోలికి వెళ్లే అవసరం లేదు, 286లో అయితే ఇది అసలు నడవదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అందరికీ ధన్యవాదాలు. నాలుగో సమాధానంలో చెప్పినట్టు పాత కార్డును జంపర్లు మార్చి పరీక్షించాను. లైన్ అవుట్‌లో రెండు చానెళ్లూ వస్తున్నాయి, గరగర కూడా బాగా తగ్గింది. దాన్ని 286కు పంపించి, పెంటియంలో డాస్ కోసం పికోగస్, విండోస్ 98 కోసం లైవ్ సీటీ4620 పెట్టాలని నిర్ణయించుకున్నాను. రెండు కార్డులూ ఒకే యంత్రంలో గొడవపడకుండా ఉండాలంటే ముందే ఏం చూసుకోవాలి? నా స్పీకర్లకు ఒకటే ఇన్‌పుట్ ఉంది. పికోగస్ శబ్దాన్ని లైవ్ లైన్ ఇన్‌కు ఇచ్చి, లైవ్ నుంచి స్పీకర్లకు తీసుకుంటే సరిపోతుందా?

సమాధానం 2 రాసిన వ్యక్తి

ముందుగా బయోస్‌లో పీసీఐ, ప్లగ్ అండ్ ప్లే పేజీకి వెళ్లి ఐఆర్‌క్యూ 5నూ, డీఎంఏ 1నీ లెగసీ ఐఎస్‌ఏకు కేటాయించండి. అలా చేయకపోతే ఆ ఐఆర్‌క్యూ 5ను బయోస్ లైవ్‌కో, వీడియో కార్డుకో ఇచ్చేస్తుంది. ఐఎస్‌ఏ కార్డు తన అంతరాయాన్ని పీసీఐ కార్డుతో పంచుకోలేదు. ఐఆర్‌క్యూ 7 వాడదలిస్తే ప్రింటర్ పోర్టు దాన్ని పట్టుకుని ఉందేమో చూసుకోండి. పికోగస్ జంపర్లూ అవే సంఖ్యల మీద ఉండాలి. ఆటోఎగ్జెక్.బ్యాట్‌లో బ్లాస్టర్ వరుసలో ఏ220 ఐ5 డీ1 టీ3 అని రాయండి. టీ3 అంటే సౌండ్ బ్లాస్టర్ 2.0 అని అర్థం. పాత కార్డు నాటి టీ6ను అలాగే వదిలేస్తే కొన్ని ఆటలు 16 బిట్ డీఎంఏ కోసం వెతికి ఆగిపోతాయి.

లైవ్ డ్రైవర్లు ఎక్కించిన తర్వాత విండోస్ డివైస్ మేనేజర్‌లో ఎస్‌బీ16 ఎమ్యులేషన్ అనే పరికరం ఒకటి అదనంగా కనిపిస్తుంది. దాన్ని డిసేబుల్ చేయండి. లేకపోతే అది 220 పోర్టు తనదే అంటుంది, పికోగస్‌తో తగువు పెట్టుకుంటుంది. డాస్ పార్టిషన్‌లో లైవ్ డాస్ డ్రైవర్‌ను అసలు ఎక్కించవద్దు, అప్పుడు ఈఎంఎం386 బంధనం కూడా ఉండదు.

స్పీకర్ల విషయంలో మీరు చెప్పిన పద్ధతి విండోస్‌లో పనిచేస్తుంది, డాస్‌లో పనిచేయదు. డ్రైవర్ మేల్కొలిపేవరకు లైవ్ మిక్సర్ మూసుకునే ఉంటుంది కనుక లైన్ ఇన్‌కు ఇచ్చిన శబ్దం బయటకు రాదు. సరిగ్గా మీకు పికోగస్ అవసరమైన చోటే నిశ్శబ్దం మిగులుతుంది. రెండు ఇన్‌పుట్లున్న చిన్న మిక్సర్ పెట్టుకోవడం ఉత్తమం. అది వీలుకాకపోతే రెండు కార్డుల లైన్ అవుట్‌లను కలిపే కేబుల్ మీరే చేసుకోవచ్చు, కానీ తీగలను నేరుగా ముడివేయవద్దు. అలా చేస్తే ఒక కార్డు అవుట్‌పుట్ రెండోదానికి భారమై శబ్దం కుంగిపోతుంది. ఎడమ, కుడి చానెళ్లకు ఒక్కో కార్డు నుంచి వచ్చే ప్రతి తీగలోనూ 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి వేసి, ఆ తర్వాత ఎడమను ఎడమతో, కుడిని కుడితో కలపండి. గ్రౌండ్ తీగలను మాత్రం రెసిస్టర్ లేకుండా కలపవచ్చు. శబ్ద స్థాయి కొద్దిగా తగ్గుతుంది, స్పీకర్ల వాల్యూమ్ కొంచెం పెంచితే సరిపోతుంది.